హర్షచరితమున స్కందగుప్తోపదేశము

బాణభట్టు రచించిన హర్షచరితమున నాఱవ యుచ్ఛ్వాసమందు గజసాధనాధికృతుఁడగు స్కందగుప్తుఁడు హర్షునకుఁ జేసిన యుపదేశ మొకటి కలదు. అన్న మోసమునకు బలియయ్యెనని విని శోకరోషములతో నుడుకుచున్న రాజకుమారుని యెదుట నిలిచి, పూర్వము వంచనచే హతులైన రాజుల కథలను వరుసగాఁ జెప్పుచుఁ బోవును. తొలిచూపున కీ పట్టిక కథావేగమున కడ్డుపడినట్లును, కవి తన బహుశ్రుతత్వమును వెల్లడించుకొనుటకై కూర్చినట్లును దోఁచును. చరిత్రకారులును దీనినుండి తమకు వలయు రెండు మూఁడు వాక్యములను గ్రహించి తక్కినవానిని విడిచిరి. కాని కావ్యమునంతటిని గలిపి చదివినచో నీ యుపదేశమే దానికి నడిమికంబమని తేలును. రాజు కుట్రచే హతుఁడైనప్పుడు రాజ్యగతిని నిర్ణయించునది చంపినవాని యుద్దేశమా, చచ్చినవాని గుణమా, మిగిలినవాని నడవడియా యను ప్రశ్నకు బాణుని సమాధాన మిందు మొదలగుచున్నది.

ముందుగా జరిగిన కథను జూడవలెను. క్రీ. శ. 605 ప్రాంతమున స్థాణ్వీశ్వరప్రభువగు ప్రభాకరవర్ధనుఁడు జ్వరముచే మరణించెను. ఆ వార్త వ్యాపించిన దినముననే మాళవరాజు కన్యాకుబ్జముపైఁ బడి, యచటి మౌఖరిరాజును బ్రభాకరవర్ధనుని యల్లుఁడును నగు గ్రహవర్మను జంపి, యాతని భార్య రాజ్యశ్రీని సంకెలలతోఁ జెఱయందుంచెను. రాజ్యవర్ధనుఁడు పదివేల గుఱ్ఱపుదళముతో, భండిని వెంటఁబెట్టుకొని పోయి, మాళవసేనను సులభముగా జయించెను. జయించిన పిమ్మట గౌడాధిపుఁడు కల్లమర్యాదలతో నమ్మించి, నిరాయుధుఁడై యొంటిగా నున్న యాతనిని దన యింటనే చంపెనని కుంతలుఁడను నాశ్వికుఁడు వచ్చి హర్షునకుఁ జెప్పెను.

ఈ వధకు నాలుగు సాక్ష్యములున్నవి. అవి నాలుగును నొక్కమాట చెప్పవు. బాణుఁడు గౌడుని పేరు స్పష్టముగా నెత్తఁడు. నీచుఁడని మాత్రము దూషించును. చీనాయాత్రికుఁడగు హ్యుయెన్‌త్సాంగు, కర్ణసువర్ణరాజగు శశాంకుఁడు పొరుగురాజు సామర్థ్యమున కోర్వలేక సమావేశమునకుఁ బిలిచి చంపెనని వ్రాసెను. కావ్యమునకు వ్యాఖ్య రచించిన శంకరుఁడు, కూఁతు నిత్తునని యాసఁజూపి రప్పించి భోజనసమయమునఁ జంపెనని వివరించెను. హర్షుఁడు క్రీ. శ. 628లో నొసఁగిన బాంస్‌ఖేడా తామ్రశాసనము, రాజ్యవర్ధనుఁడు సత్యమున కనురోధించి శత్రుభవనమునఁ బ్రాణములు విడిచెనని చెప్పును. ఇది తమ్ముని మాట. ఇందు మృతునిపై నింద లేదు, వాని సత్యసంధతయే కలదు. స్కందగుప్తుని యుపదేశమందో, యెల్లరను నమ్ముటయే దోషమని ధ్వనించుచున్నది. ఒక్క మరణమే శాసనమున సత్యవ్రతముగను, కావ్యమునఁ బ్రమాదముగను గన్పట్టుచున్నది. విమర్శకుఁడు విడఁదీయవలసిన ముడి యిదియే.

స్కందగుప్తుఁడు చెప్పున దేమి? దేశదేశమున జనుల స్వభావములు వేఱు. స్వదేశమునకు సహజమైన ఋజుహృదయముతో నందఱను విశ్వసించుట విడువవలయును. దీనికి నుదాహరణములుగా రాజవధలను బేర్కొనును. మౌర్యుఁడగు బృహద్రథుని, సైన్యమును జూపు నెపమున, సేనానియగు పుష్యమిత్రుఁడు చంపెను. ఇది క్రీ. పూ. 185 ప్రాంతమున జరిగినది. అగ్నిమిత్రుని కుమారుఁడగు సుమిత్రుఁడు నాట్యమునం దతిలోలుఁడై నటుల నడుమ మిత్రదేవుని కత్తికి నెఱయయ్యెను. శుంగరాజగు దేవభూతి, యమాత్యుఁడు వసుదేవుఁడు పన్నిన పన్నుగడచే, రాణివేషము దాల్చిన దాసీపుత్రికచే హతుఁడయ్యెను. పరస్త్రీని గోరిన శకపతిని స్త్రీవేషమున నున్న చంద్రగుప్తుఁడు చంపెను. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున నగ్నిమిత్రుఁడు నాట్యము చూచుచు మాళవికపై మనసు నిల్పినవాఁడని యెఱిఁగిన పాఠకునకు, ఆతని కుమారుఁడు నటులలోఁ జచ్చెనను వాక్యము వేఱొక వెలుఁగునఁ గన్పడును.

ఈ పట్టికయందు రెండు విశేషములు గమనింపఁదగినవి. మొదటిది, బృహద్రథునితో మౌర్యవంశమును, దేవభూతితో శుంగవంశమును నంతరించినను, ఆ వధలవలన రాజ్యమేమయ్యెనో స్కందగుప్తుఁడు చెప్పఁడు. రాజెట్లు చచ్చెనో మాత్రమే చెప్పును. చంపినవారిలో స్వామిద్రోహియు గలఁడు, శకపతిని జంపిన చంద్రగుప్తునివంటి వీరుఁడును గలఁడు. పట్టికయందందఱును నొక్క వరుసనే నిలిచిరి. రెండవది, బృహద్రథుని బాణుఁడు ప్రతిజ్ఞయందు దుర్బలుఁడని విశేషించెను, పుష్యమిత్రుని ననార్యుఁడనెను. చంపినవాఁడును జచ్చినవాఁడును నొక్క వాక్యముననే నిందకుఁ బాత్రులైరి.

ఈ విశేషణము వ్యర్థమైనది కాదు. వినుచున్న హర్షుఁడు కొంచెము ముందుగనే యొక ప్రతిజ్ఞ చేసియున్నాఁడు. లెక్కింపఁదగిన దినములలో భూమిని గౌడశూన్యముగాఁ జేయనిచో మిడుతవలె నగ్నిలోఁ బడుదునని యాతని శపథము. బృహద్రథుఁడు ప్రతిజ్ఞ నిలుపలేని దౌర్బల్యముచేఁ జెడెను. శాసనము ననుసరించి రాజ్యవర్ధనుఁడు మాటకుఁ గట్టువడి చెడెను. ఈ రెండు మరణముల నడుమ హర్షుఁడు తన ప్రతిజ్ఞతో నిలిచియున్నాఁడు. మాట తప్పిన నొక చేటు, మాటనే నమ్మిన వేఱొక చేటు. సత్యమును విడువక, ప్రమాదమునకు లోఁబడక మెలఁగుట యెట్లనునదే యాతని యెదుటి సమస్య.

తరువాతి కథాక్రమ మీ సమస్యకు బాణుఁ డొసఁగిన సమాధానము. హర్షుఁడు దండయాత్రకు బయలుదేఱెను. దారిలోఁ గామరూపరాజగు భాస్కరవర్మ పంపిన హంసవేగుఁడు ఛత్రమును గానుకగాఁ దెచ్చి మైత్రి కోరఁగా నాతఁడు దాని నంగీకరించెను. అందఱను నమ్మవలదన్న యుపదేశము విన్నవాఁడే తగినవానిని నమ్మెను. పిమ్మట భండి వచ్చి, రాజ్యశ్రీ చెఱనుండి వెలువడి వింధ్యాటవిఁ జొచ్చెనని చెప్పెను. అప్పుడు హర్షుఁడు గౌడునిపైఁ బోవు కార్యమును భండి కప్పగించి, తాను జెల్లెలిని వెదకఁబోయెను. బౌద్ధభిక్షువగు దివాకరమిత్రుని సాహాయ్యమున, చితిఁ జొరఁబోవుచున్న యామెను రక్షించెను. ప్రతిజ్ఞ తీఱువఱకు నామెకడ నుండుమని యా భిక్షువును బ్రార్థించెను. ప్రతిజ్ఞ విడువఁబడలేదు, కాని పగకంటె ముందు ప్రాణరక్షణము వచ్చినది. గౌడవధ కథయందు రాకమునుపే గ్రంథము ముగిసినది.

గ్రంథ మసంపూర్ణమగుటచే నట్లయ్యెనని యనవచ్చును. కాని మూఁడవ యుచ్ఛ్వాసముననే బాణుఁడు, హర్షుని చరితమునంతటిని నూఱు పురుషాయువులతోనైన నెవఁడును వర్ణింపఁజాలఁడనియు, నొక భాగమును మాత్రము వినిపింతుననియు శ్రోతలకుఁ జెప్పియున్నాఁడు. ఎన్నుకొన్న భాగము చెల్లెలి రక్షణముతో ముగియుట యాదృచ్ఛిక మనుట కష్టము.

చరిత్రయు నీ క్రమమునే సమర్థించుచున్నది. హర్షుఁడు గడువుపెట్టిన దినములు గడచిన యెన్నియో యేండ్లకు, గుప్తశకము 300, అనఁగాఁ గ్రీ. శ. 619-20 నాఁటి గంజాము తామ్రశాసనమున శైలోద్భవుఁడగు మాధవరాజు శశాంకుని మహారాజాధిరాజుగాఁ గీర్తించెను. పగ తీఱలేదు, రాజ్యగతి మాత్రము మాఱినది. మంత్రుల కోరికపై హర్షుఁడు శీలాదిత్య నామముతోఁ గన్యాకుబ్జభారమును వహించెనని హ్యుయెన్‌త్సాంగు చెప్పెను. స్థాణ్వీశ్వర కన్యాకుబ్జముల చెలిమిని దెంపఁదగిన హత్యలే యా రెండు రాజ్యములు నొక్కచేతఁ జేరుటకుఁ గారణములైనవి. 647 ప్రాంతమున హర్షుఁడు వారసుఁడు లేక మరణింపఁగా సామ్రాజ్యము చెదరినను, కన్యాకుబ్జమున కబ్బిన ప్రాముఖ్యము చెదరలేదు. పిదప నా నగరమునకై ప్రతీహారులును, బాలులును, రాష్ట్రకూటులును దరతరములుగాఁ బోరిరి.

కావున శాసనమునకుఁ గావ్యమునకును విరోధమని తలంపఁబనిలేదు. శాసనము మృతుని గౌరవించినది. స్కందగుప్తుఁడు బ్రతికియున్నవానిని హెచ్చరించినాఁడు. మృతుని సత్యమును గొనియాడుటయు, వాని ప్రమాదమునుండి నేర్చుకొనుటయు రెండును దమ్మునకు విధులే. ఖడ్గము రాజు నొక్కనిని జంపును. రాజ్యమే త్రోవఁ బోవలెనో మిగిలినవాఁడు మొదటఁ జేయు కార్యము నిర్ణయించును. సేనానియే ఖడ్గమును బట్టి సింహాసనమెక్కినచోట మౌర్యవంశ మంతరించినది. తమ్ముఁడు పగను రెండవదిగా నుంచి చెఱవిడిన చెల్లెలికడకుఁ బోయినచోట నొక క్రొత్త రాజ్యము నిలిచినది. పాఠశాలలయందు హర్షచరితమును బోధించు పండితులు సమాసముల పొడవునకు జంకి యీ పట్టికను విడిచిపెట్టుట తగదు. దానిని విడిచినచో, నేడవ యుచ్ఛ్వాసమున హర్షుఁడు గౌడునివైపు గాక యడవివైపేల నడచెనో విద్యార్థికిఁ దెలియదు.