కథల సంపుటము – మా యింటి తగవు

మా యింట రాత్రి భోజనములైన పిదప నొకరు చదువగా తక్కినవారు వినుట బహుకాలముగా వాడుక. సికిందరాబాదువంటి పట్టణమున మగవారు పనులనుండి ఇల్లుచేరి, ఆడవారు వంటయింటిపని ముగించుకొని తీరికగా కూర్చుండునప్పటికి రాత్రి తొమ్మిది గంటలు దాటును. అట్టి వేళ నవలను చేపట్టినచో నెలలు పట్టును. నడుమ రెండు దినములు తప్పెనా, వెనుకటి సంగతి యొక్కరికిని జ్ఞాపకముండదు. కావున మేము కథల సంపుటములనే తెచ్చుకొందుము. రాత్రికొక కథ. అది నచ్చనిచో మరునాటికి వేరొకటి సిద్ధముగా నుండును. సంపుటమునందలి మొదటి ఆకర్షణ యిదియే యని చెప్పుటకు మేము సిగ్గుపడము. సాహిత్యవిమర్శకులు దీనిని గణింపకపోవచ్చును గాని, చదువుకొనువారి గృహములలో గ్రంథముయొక్క ఆయుర్దాయము తరచుగా ఇట్టి చిన్న సౌకర్యములమీదనే ఆధారపడియుండును.

గతమాసమున గురజాడ అప్పారావుగారి చిన్నకథలు అయిదింటిని ఈ తీరుననే అయిదు రాత్రులు చదివితిమి. నాలుగు రాత్రులు సుఖముగా గడచినవి. అయిదవనాడు ‘సంస్కర్త హృదయము’ చదువుట ముగియగానే మా పెదనాన్నగారు, ఈ కథ ఇంటిల్లిపాదికి వినిపింపదగినది కాదనిరి. ‘దిద్దుబాటు’ను బాలికలచేత రెండుమారులు చదివించి, దీనిని విడిచిపుచ్చిన బాగుండెడిదని వారి యభిప్రాయము. మా వదినగారు సామాన్యముగా పెద్దలయెదుట మాటాడరు. ఆ రాత్రి మాత్రము, “మామయ్యగారూ, అయిదింటిలోను నాకు నిజమని తోచినది ఇది యొక్కటే” యనిరి. ఆ తగవు నేటికిని తీరలేదు. ఈ వ్యాసము దానినుండియే పుట్టినది.

పెదనాన్నగారి వాదమును తేలికగా త్రోసిపుచ్చుటకు వీలులేదు. సంఘసంస్కరణమును మాటలతో గాక నడతతో పాటించినవారు వారు. వారు చెప్పునది యేమనగా: కథలు వేరైనను గ్రంథకర్త మనస్సు ఒక్కటిగా నుండవలెను. ఒక కథలో భోగముమేళములకు మరగిన భర్తను దిద్ది, వేరొక కథలో ఆ మేళములను మాన్పింపబూనినవానినే నవ్వులపాలు చేసినచో, ఒక చేత కట్టినదానిని మరియొక చేత కూల్చుట కాదా? సంపుటమందు వైవిధ్యము పేర పాఠకునికి మిగులునది సందేహమే యైనచో ఆ వైవిధ్యమెందులకు?

దీనికి సమాధానము చెప్పవలెనన్న ఆ కథలనే మరల చూడవలెను.

‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడినది. గోపాలరావు పాటకచ్చేరి ముగిసినపిదప అర్ధరాత్రము దాటి ఇల్లు చేరును. భార్య కమలిని కానరాదు. ఆమె వ్రాసిపెట్టిన యుత్తరము మాత్రము కనబడును. ఆమెకు చదువు చెప్పించినవాడు అతడే. ఆ చదువే ఈనాడు ఉత్తరమై యతనిని శిక్షించుచున్నది. సేవకుడు రామునిమీద విరుచుకుపడుట, పిదప పశ్చాత్తాపపడుట, మంచముక్రింద దాగిన భార్య కంకణములు మ్రోగుట – ఇంత స్వల్పస్థలమున నింత నాటకమును ఇమిడ్చిన కథ తెలుగున అంతకుముందు మిక్కిలి యరుదు. సేవకుని మాటలో సేవకుని ఊరు వినబడును. ఉపన్యాసము లేదు. దీనిని మెచ్చుకొనుటలో పెదనాన్నగారికిని మాకును భేదము లేదు.

ఐనను ఈ కథకొక లోపము కలదు. ఒంటిగా చదివినప్పుడు అది కంటబడదు. గోపాలరావు స్వభావముచేత మంచివాడు, చదివినవాడు, భార్యయందు ప్రేమగలవాడు. ఒక్క ఉత్తరముతో దిద్దబడగలవానినే గ్రంథకర్త యెన్నుకొనినాడు. దిద్దబడనివాని సంగతియేమి? కమలినికి చదువు రాకున్నచో, పుట్టినింటికి పోదునని బెదరించుటకు ఆమెకు పుట్టినిల్లే లేకున్నచో?

ఈ ప్రశ్నకు ‘దిద్దుబాటు’ జవాబు చెప్పదు, ‘మెటిల్డా’ చెప్పును. అందలి భర్త ముసలివాడు, అనుమానపు మనిషి. ఇరుగుపొరుగు విద్యార్థులు అతనిని పులి యందురు. భార్య చిన్నది, చక్కనిది, గడపదాటనిది. ఈమెకు ఉత్తరము వ్రాసి దాగుకొనుటకు మంచముక్రింద చోటు లేదు. కథ చెప్పువాడు దుష్టుడు కాడు, జాలిగలవాడే. కాని ఆ జాలిచూపే యామె కాపురమునకు ముప్పు తెచ్చును. పరస్త్రీ కష్టమును చూచి కరగుట వేరు, ఆ కరగుటవలన ఆమెకేమగునో యోచించుట వేరు అని యీ కథ తెలుపునట్లు ఏ ఉపన్యాసమును తెలుపజాలదు. మా యింటి యువకులు ఆ రాత్రి మిక్కిలి మౌనముగా నుండిరి.

అటుపిమ్మట ‘సంస్కర్త హృదయము’. దీనిని అప్పారావుగారు మొదట ఇంగ్లీషున ‘స్టూపింగ్ టు రైజ్’ అను పేరుతో వ్రాసిరి. తరువాత అవసరాల సూర్యారావుగారు తెనిగించిరి. ఆచార్యుడు రంగనాథయ్యరు భోగముమేళములను మాన్పింపబూనిన ధర్మాభిమాని. సరళ యను వేశ్యను ఉద్ధరింపబోయి, ఆమె రూపమునకు మనస్సు లొంగిపోవుట కథావస్తువు. కథ ఇంగ్లీషున పుట్టుట కాకతాళీయముగ మాకు తోచదు. ఇంగ్లీషు చదివినవారే ఆనాడు సంస్కరణోద్యమమునకు నాయకులు. అద్దమును ఎవరి ముఖమునకెదుట పట్టవలెనో వారి భాషలోనే గ్రంథకర్త దానిని పట్టినాడు.

ఇందు నవ్వులపాలైనది సంస్కరణమా? కాదని మేము తలంతుము. భోగముమేళములు మంచివని ఆ కథయం దెక్కడను లేదు. ఎదుటివానిని పైకెత్తుటకు తాను వంగుచున్నానని తలచువాని గర్వమే నవ్వులపాలైనది. సరళ తన్నుతాను పతితనని యెంచుకొని పాదములపై బడలేదు. ఆచార్యుడు మాత్రము ఆమె అట్లే పడునని యెదురుచూచినాడు. స్త్రీజనోద్ధరణమును గూర్చి సభలలో మాటాడి, ఇంటికి వచ్చి మంచినీళ్లకై కేకవేయువారిని ఎరిగిన మా వదినగారికి ఈ కథ నిజమని తోచుటలో ఆశ్చర్యమేమున్నది? (ఆమె మాటను వ్రాయుటకు మాకు అనుమతి యిచ్చినది, ఎవరిని గురించియో అడుగవలదన్నది.)

కావున ఒక కథ రెండవదానిని కూల్చుట లేదు. రెండవదానికి హద్దు గీయుచున్నది. ‘దిద్దుబాటు’ భర్త మారగలడని చెప్పును. ‘మెటిల్డా’ అందరు భర్తలును, అన్ని జాలిగుండెలును అట్టివి కావని చెప్పును. మూడవది, మార్పబూనినవానికిని మారవలసిన హృదయము కలదని చెప్పును. మనుష్యుడు తన తలంపును తానే పరీక్షించుకొనుట యెట్లుండునో ఒక్క కథలో చూపుట కష్టము; నాలుగైదు కథలు ప్రక్కప్రక్కన నున్నప్పుడు అది సులభముగా కనబడును. నవలయందు ఇట్టిది సాధ్యము కాదా యని యడుగవచ్చును. సాధ్యమే, కాని నవల కడకు ఒక్క ముగింపునకు కట్టుబడియుండును. సంపుటమునకు అయిదు ముగింపులు, అవి యొకదానికొకటి లొంగనక్కరలేదు.

‘మీ పేరేమిటి?’, ‘పెద్దమసీదు’ – ఈ రెండును మతవిషయకములు. మొదటిదానిలో శైవవైష్ణవ కలహము, నిప్పులగుండము, పల్లెటూరి పౌరుషము హాస్యముగా నడచును. రెండవది దేవాలయమున్న చోట మసీదు వెలసిన యూరి కథ. హాస్యము లేదు, మిక్కిలి చిన్నది, ముగిసిన పిదప నోట మాట రాదు. ఒకే చేయి ఈ రెంటిని వ్రాసినదని నమ్ముట కష్టము. మొదటిదానిలో పాత్రలు కొంచె మెక్కువై వినువారు తడబడిరని మాత్రము చెప్పవలెను. ఎవరు శైవులో ఎవరు వైష్ణవులో మా పెద్దత్తగారు రెండుమారులు అడిగిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణను మేమే తెచ్చికొందుము. ఈ యైదింటిని ఒక్క గ్రంథముగ కూర్చినది అప్పారావుగారు కారు. వారు 1915లో గతించిరి, కూర్పు తరువాతివారిది. అట్లైనచో మేము చెప్పిన పొందిక గ్రంథకర్త యుద్దేశించినది కాదేమో! కాకపోవచ్చును. ఐనను సంపుటము లేనిచో మేము గమనించియుండెడివారము కాము. పాఠ్యపుస్తకములలో ‘దిద్దుబాటు’ ఒంటిగా చేరి, అప్పారావుగారు కేవలము మంచిమాటలు చెప్పు పెద్దమనిషియై మిగిలినారు. తక్కిన నాలుగింటి సరసన చేర్చినప్పుడే ఆయన కొంటెతనము, ఆయన దుఃఖము తెలియును.

సంపుటముగా కూడని కథలకేమి గతి పట్టునో తెలిసికొనుటకు భండారు అచ్చమాంబగారిని తలచుకొన్న చాలును. ఆమె ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’లో వెలువడినది; ‘దిద్దుబాటు’కన్న ఎనిమిదేండ్లు ముందు. అందును భార్యయే భర్తను దిద్దును. దారిద్ర్యమువలన పరుల సొమ్ముపై మనసుపడిన భర్తను ఆమె నివారించును. శిల్పమున అది ‘దిద్దుబాటు’నకు సరిగాదని మా మతము, ధర్మము వెంటనే ఫలించుట కొంచెము తొందరగా నున్నది. కాని పండుగనాటి పేదయింటి దిగులును ఆమె చూచినట్లు చూచినవారు అరుదు. ఆమె 1905లో ముప్పదియొకటేండ్లు నిండకయే గతించినది. కథలు పత్రికల పాతసంచికలలో నిలిచిపోయినవి. మొదటి తెలుగుకథ యేదను చర్చలో శతాబ్దమునకు సమీపముగా ఆమె పేరు తగినట్లు వినబడకపోవుటకు, ఆమె కథలు చేతికందు గ్రంథముగా లేకుండుటయు ఒక కారణము.

చేతికందు గ్రంథము! ఈ మాట మా సికిందరాబాదువారికి కొంచె మెక్కువగా తెలియును. నిజాము రాజ్యమున చదువంతయు ఉర్దూలో నడచుచున్న దినములలో ఇచ్చట 1905లో ఆంధ్రసంవర్ధినీ గ్రంథాలయము వెలసినది. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఈ పట్టణముననే దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. దేశోద్ధారక బిరుదాంకితులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దివంగతులైనదియు ఆ సంవత్సరమే. ఆళ్వారుస్వామిగారు నల్లగొండ ప్రాంతపు పల్లెనుండి వచ్చి, ఇతరుల ఇంట వంటచేసి, హోటలులో పనిచేసి, స్వయముగా చదువుకొని, పత్రికాకార్యాలయమున అచ్చుతప్పులు దిద్ది పైకి వచ్చినవారు. ముప్పదికి పైగా గ్రంథములు ప్రకటించి, మూటగట్టి ఊరూర తిరిగి అమ్మిరి.

ఆయన స్వయముగా రచించిన కథాసంపుటము ‘జైలు లోపల’. రాజకీయ ఖైదీగా ఏండ్లతరబడి చెరసాలలలో నుండియు, తన కష్టములను గాక, దొంగతనము మొదలగు నేరములు చేసి వచ్చినవారి బ్రతుకులను ఆయన కథలుగా వ్రాసినారు. స్థలమొక్కటే, గోడలొక్కటే. వైవిధ్యమనగా ఒక కథ రాజాంతఃపురమున, ఒకటి పల్లెలో, ఒకటి పట్టణమున జరుగుటయని తలచువారు దీనిని చదువవలెను. ‘పరిసరాలు’, ‘పతితుని హృదయం’, ‘అవకాశమిస్తే’ అను పేర్లు చూచినయెడల, కథకు ముందే దాని సారాంశమును చెప్పివేయుట గ్రంథకర్తకొక బలహీనతయని తోచును. అప్పారావుగారట్లు చేయరు, ‘మెటిల్డా’ యను పేరువలన మనకేమియు తెలియదు. కాని అప్పారావుగారు చూడని మనుష్యులను ఆళ్వారుస్వామిగారు చూచినారు, వారి ప్రక్కన పండుకొన్నారు. దిద్దువాడు పైనను దిద్దబడువాడు క్రిందను లేని చోటునుండి వ్రాసినారు. రంగనాథయ్యరునకు దొరకని చోటది.

పెదనాన్నగారు తమ మతమును మార్చుకొనలేదు. పిల్లలకు ‘సంస్కర్త హృదయము’ ఇంకను వలదనియే యనుచున్నారు. పదునెనిమిదేండ్లు నిండినవారికి అభ్యంతరము లేదని మాత్రము ఒక మెట్టు దిగిరి. వదినగారు పదునాలుగు చాలునన్నారు. ఈ నెల మా యింట ‘జైలు లోపల’ మొదలైనది. మొదటి రాత్రి చదువుట పెదనాన్నగారి వంతు. కంటి అద్దములు సరిచేసికొని, పేరు చదివి, కొంతసేపు ఆగి, లోపల ఎవరికేమి అభ్యంతరమున్నను కథ ముగియువరకు ఎవ్వరును మాటాడరాదని ముందుగానే ఆజ్ఞాపించిరి.