ఒక చుక్కలో మూడో వంతు

డీజిల్ స్విఫ్ట్ ఒకటి ఐదో గేరులో, గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, ఎక్కడా ఆగకుండా పోతోందనుకుందాం. లీటరుకు 22 కిలోమీటర్లు ఇస్తోందని లెక్క వేసుకుంటే గంటకు ఖర్చయ్యే డీజిల్ 3.6 లీటర్లు. ఆ వేగంలో ఇంజిన్ నిమిషానికి సుమారు 2000 చుట్లు తిరుగుతుంది. నాలుగు సిలిండర్లూ కలిసి చుట్టుకు రెండు మంటలు, అంటే గంటకు 2,40,000. ఒక్కో మంట వాటాకు వచ్చేది 15 ఘనపు మిల్లీమీటర్లు. కంట్లో వేసుకునే మందు చుక్కలో మూడో వంతు.

ఆ మూడో వంతును కూడా ఇంజెక్టర్ ఒకేసారి చల్లదు. ముందు ఒక ఘనపు మిల్లీమీటరుకు అటూఇటూగా చిన్న చిలకరింపు. అది అంటుకుని సిలిండర్‌లోని గాలిని ఇంకాస్త వేడెక్కిస్తుంది. ఆ వెనకే అసలు మోతాదు. ముందు చిలకరింపు లేకుండా మొత్తం ఒక్కసారే పడితే అంటుకోవడం ఆలస్యమై, ఆలోగా పోగుపడిన డీజిలంతా ఒక్క పెట్టున మండుతుంది. పాత డీజిల్ జీపుల టకటక మోత అదే. 2000 చుట్ల వేగంలో క్రాంక్ షాఫ్ట్ ఒక్క డిగ్రీ తిరగడానికి పట్టే సమయం సెకనులో పన్నెండు వేలవ వంతు. ఈ పంపకమంతా అలాంటి కొద్ది డిగ్రీల్లోనే పూర్తి కావాలి. అవసరాన్ని బట్టి ఒక్కో మంటకు ఐదు విడతల దాకా చల్లగల ఇంజిన్ ఇది. చల్లే పీడనం 1600 బార్ల వరకు వెళుతుంది. మన కారు టైర్లో ఉండేది రెండు బార్లకు కాస్త పైన.

దీని పేరు ఫియట్ 1.3 మల్టీజెట్. మన దేశంలో డీజిల్ కారు మైలేజీ గురించి మాట్లాడాలంటే దీన్ని దాటిపోవడం కుదరదు. మూలం ఇటలీలో ఉంది. నాలుగు ఇంజెక్టర్లకూ కలిపి ఒకే ఉమ్మడి గొట్టం పెట్టి, ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా వేగంగా తిరిగినా కావలసిన పీడనంలో డీజిల్‌ను అందులో సిద్ధంగా ఉంచే కామన్ రైల్ పద్ధతిని కారుకు పనికొచ్చేలా మలిచింది ఫియట్ పరిశోధకులు. ఆ బృందానికి నాయకుడు మారియో రిక్కో. భారీగా తయారుచేసే బాధ్యత 1994లో బాష్ కంపెనీ చేతికి వెళ్ళింది. 1997లో ఆల్ఫా రోమియో 156తో రోడ్డెక్కింది. అక్కడితో సరిపెట్టుకోకుండా అదే పద్ధతిని చిన్న కారుకు దించడమే అసలు పని. అలా 2003లో వచ్చిందే ఈ 1248 సీసీ ఇంజిన్. సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 82. మొత్తం బరువు సుమారు 130 కిలోలు. క్యామ్ షాఫ్టులను తిప్పేది బెల్టు కాదు, చైను. 2005లో తన తరగతిలో అంతర్జాతీయ ఉత్తమ ఇంజిన్ పురస్కారం అందుకుంది.

2007 జనవరిలో మారుతి దీన్ని స్విఫ్ట్‌లో పెట్టింది. తయారీ మానేసర్‌లో. తర్వాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, విటారా బ్రెజా, టాటాల ఇండికా విస్టా, ఫియట్ పుంటో, లీనియా, షెవ్రొలే సెయిల్. ఒకరితో ఒకరు పోటీపడే ఈ కంపెనీలన్నీ బానెట్ కింద ఒకే ఇంజిన్ పెట్టుకున్న రోజులవి. కార్ల పత్రికలు దీన్ని దేశం మొత్తానికీ ఇంజిన్ అని ఊరికే అనలేదు. హైదరాబాద్‌లో క్యాబ్ ఎక్కినవాళ్ళలో దీని వెనకాల కూర్చోనివాళ్ళు తక్కువ.

నన్ను బాగా ఆకట్టుకునే విషయం వేరే ఉంది. 2011 స్విఫ్ట్‌కు ప్రకటించిన మైలేజీ లీటరుకు 22.9 కిలోమీటర్లు. 2014లో 25.2. 2017 డిజైర్ వచ్చేసరికి 28.4. సిలిండర్ మారలేదు, పిస్టన్ నడక మారలేదు, సీసీ అదే. కంపెనీ కాయితాల మీద దాదాపు పాతిక శాతం పెరుగుదల! కారు తేలికైంది, ఇంజిన్ లోపలి రాపిడి తగ్గింది, ట్యూనింగు మారింది. కొత్త ఇంజిన్ కనిపెట్టామని పెద్ద ప్రకటన వేసుకోవడానికి వీలులేని పని ఇది. ఇక్కడ కొన్ని గ్రాములు, అక్కడ కాస్త రాపిడి అని ఏళ్ళ తరబడి గీకుతూ పోవడం. నా మటుకు నాకు మొదటి ఆవిష్కరణ కన్నా ఈ గీకుడే గొప్పగా అనిపిస్తుంది.

అయితే 28.4 ఎవరికి వస్తుంది? అది ధ్రువీకరణ పరీక్షలో వచ్చిన అంకె. కారును రోలర్ల మీద ఎక్కించి, ఏసీ కట్టేసి, ముందే గీసిపెట్టిన వేగాల పటం ప్రకారం ఇరవై నిమిషాలకు కాస్త తక్కువగా నడుపుతారు. అందులో పదమూడు నిమిషాలు ఊరిలో తిరిగినట్టు, మిగతాది రహదారి మీద పోయినట్టు. గరిష్ఠ వేగం 90. యూరప్ పాత పరీక్షలో ఇది 120 ఉండేది. మన రోడ్లకు తగ్గట్టు కుదించారు. వేగం అందుకోవడం కూడా మెత్తగా, తొందరేమీ లేనట్టు ఉంటుంది. అంకెలో మోసం లేదు. అన్ని కార్లకూ ఒకే తక్కెడ ఉండాలి కాబట్టి అలా తూచారు. దాన్ని తీసుకెళ్ళి విజయవాడ రోడ్డు మీద వెతకడమే తప్పు.

ఆ రోడ్డు మీద పెత్తనం గాలిది. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి అడ్డు 56 శాతం పెరుగుతుంది. 110కి పెంచితే దాదాపు రెట్టింపు. వంద దాటితే బండి డీజిల్ తాగుతుందని డ్రైవర్లు అనేది ఇందుకే. ఎంత గొప్ప ఇంజెక్టరైనా గాలికి లంచం ఇవ్వలేదు. ఘాట్ రోడ్డు లెక్క ఇంకో రకం. విశాఖ నుంచి వెళ్ళే అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. మనుషులు, సామానుతో కలిపి 1300 కిలోల కారును అంత ఎత్తుకు లేపడానికే, దూరం ఖర్చు కాకుండా, దగ్గర దగ్గర లీటరు డీజిల్ కావాలి. దిగేటప్పుడు మాత్రం గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. అప్పుడు ఇంజిన్‌ను తిప్పేవి చక్రాలే, ఖర్చు సున్నా. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళు ఈ సున్నాను పోగొట్టుకుని, ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత డీజిల్ కాల్చి, పైగా బ్రేకులు అరగదీసుకుంటారు.

ట్రాఫిక్‌లో డీజిల్ బలం బయటపడుతుంది. మామూలు పెట్రోల్ ఇంజిన్ నెమ్మదిగా నడవాలంటే గాలి దారిని మూసి, ఆ మూసిన దారిలోంచే కష్టపడి గాలి పీల్చుకోవాలి. డీజిల్‌లో ఆ దారిని బిగించే పని లేదు. గాలి కావలసినంత వస్తుంది, తగ్గేది డీజిల్ ఒక్కటే. దానికి తోడు గాలిని 17 రెట్లకు పైగా నొక్కడం వల్ల మంట నుంచి ఎక్కువ పని రాబడుతుంది. లీటరు డీజిల్లో లీటరు పెట్రోలు కన్నా పదిశాతానికి పైగా ఎక్కువ శక్తి ఉందన్నదీ నిజమే. అందుకని మైలేజీ ఘనతంతా ఇంజిన్‌దేనని అనలేం, కొంత ఇంధనానిది.

ఇంత మెచ్చుకున్నాక లోపం దాచడం సబబు కాదు. 75 హార్స్ పవర్ల రకంలో 190 న్యూటన్ మీటర్ల పూర్తి లాగుడు 2000 చుట్ల దగ్గర గానీ రాదు. అంతకు ముందు టర్బోకు ఊపిరి అందదు. స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులో కాలు నొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, ఆ తర్వాత అంతా ఒకేసారి జరుగుతుంది. ఆ క్షణం నచ్చని వాళ్ళు గేరు తగ్గించి, ఇంజిన్‌ను ఎక్కువ చుట్లలో ఉంచి నడుపుతారు. సిటీలో ఒకే కారు ఇద్దరి చేతుల్లో రెండు మైలేజీలు ఇవ్వడానికి ఇదీ ఒక కారణం.

ఆ మైలేజీని కొలిచేదెలా? డ్యాష్‌బోర్డు మీది అంకె చాలా కార్లలో కాస్త ఉదారంగానే ఉంటుంది. ట్యాంక్ నింపి, నడిపి, మళ్ళీ నింపి లెక్కకట్టే పాత పద్ధతే నయం. అందులోనూ ఒక మెలిక ఉంది. బంకులో నాజిల్ ఆటో కట్ అయ్యే చోటు ప్రతిసారీ ఒకటి కాదు, డీజిల్‌కు నురగ ఎక్కువ. రెండు లీటర్లు అటూఇటూ అయితే, పది లీటర్లు పోయించినప్పుడు లెక్క ఇరవై శాతం తప్పుతుంది; నలభై లీటర్లకైతే ఐదు శాతమే. వరుసగా నాలుగైదు ట్యాంకుల డీజిల్, కిలోమీటర్లు విడివిడిగా కూడి భాగించిన అంకెను నమ్మవచ్చు. ఒక్క ట్యాంకు చూసి లీటరుకు ముప్ఫై వచ్చిందనేవాళ్ళతో వాదన పెట్టుకోకపోవడం మంచిది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లు ఆపేసింది, ఈ ఇంజిన్ కథ కొత్త కార్లలో ముగిసింది. ఇప్పుడు దొరికేవి సెకండ్ హ్యాండ్ బండ్లే. వాటి మైలేజీ తేలేది మళ్ళీ ఇంజెక్టర్ల దగ్గరే. లోపలి భాగాల మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. నీళ్ళు కలిసిన డీజిల్, మార్చని ఫిల్టర్ ఆ ఖాళీని పెంచేస్తాయి. డీజిల్ పని తెలిసిన మెకానిక్ నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులూ విప్పి నాలుగు సీసాలకు తగిలించి ఇంజిన్ నడుపుతాడు. ఏ సీసా మిగతావాటి కన్నా తొందరగా నిండితే ఆ ఇంజెక్టర్ అరిగిందన్నమాట. పది పదిహేను నిమిషాల పని. పాత డిజైర్ కొనబోయేవాళ్ళు అమ్మేవాణ్ణి మైలేజీ ఎంతని అడగడం కన్నా, బేరానికి ముందే ఈ పరీక్ష చేయించమనడం లాభం. ఇంజెక్టర్ల ఖరీదు తెలిసినవాళ్ళు ముందుగా చేసేది అదే.