పరాయి జెండా నీడలో పంతులమ్మ

పంతులమ్మా, బ్యాంకాక్ పొద్దు మన పొద్దుకంటే గంటన్నర ముందు. తెనాలిలో మీ అమ్మ కళ్ళాపి చల్లి ముగ్గుగిన్నె అందుకునే వేళకే నువ్వు మెడలో ఐడీ కార్డుతో అంతర్జాతీయ బడి ఆవరణలో నిలబడి ఉంటావు. సరిగ్గా 8 గంటలకు థాయి జాతీయగీతం మొదలవుతుంది. నీ పక్కన కొరియా పిల్ల, జపాన్ పిల్లవాడు, కేరళ కవలలు, ఆ ఊళ్ళోనే పుట్టిన థాయి పిల్లలు. ఆ పాట తమదైనవాళ్ళూ కానివాళ్ళూ ఒకే వరసలో, కదలకుండా. పరాయి జెండా నీడలో రోజు మొదలుపెట్టే నీకు దండం.

నీది నిన్నమొన్నటి వంశం కాదు. 1924లో జెనీవాలో నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం ఒక బడి తెరిచారు. తండ్రి ఏ దేశానికి బదిలీ అయినా పిల్లల చదువు తెగకూడదని 1968లో అదే ఊళ్ళో ఇంటర్నేషనల్ బాకలారియేట్ పుట్టింది. అందరూ ఐబీ అనేది దాన్నే. ఊళ్ళు మారేవాళ్ళ కోసం పుట్టిన చదువు అది. చెప్పడానికీ ఊరు మారినవాళ్ళే కావాలి మరి!

నువ్వు ఇంటర్ చదివింది బిట్లూ ర్యాంకులూ స్టడీ అవర్ల మధ్య. ఎందుకు అని అడిగితే సిలబస్ వెనకబడుతుందని భయపెట్టిన గదుల్లో. ఇప్పుడు నువ్వు చెప్పే ఐబీలో మాత్రం, మనకు తెలుసనుకున్నది మనకు ఎలా తెలిసింది అని అడగడమే ఒక సబ్జెక్టు. 4,000 పదాల దాకా పిల్లలు సొంతంగా పరిశోధించి వ్యాసం రాయాలి. అవకలనం చెబుతుంటే వెనక బెంచీ నుంచి చెయ్యి లేస్తుంది: "మిస్, ఇది నిజమని ఎవరు తేల్చారు?" ఆ ప్రశ్నకు నువ్వు విసుక్కోవు. మార్కర్ మూత పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంటావు. నీకెవ్వరూ ఇవ్వని తీరికను ఆ పిల్లకు ఇస్తావు. నీ పాండిత్యం కన్నా ఆ కూర్చోవడానికే నా మొదటి నమస్కారం.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, అది అంతకంటే ఎక్కువ చోటుకు తగదు. వీసా, వర్క్ పర్మిట్, పాఠం చెప్పడానికి విడిగా అనుమతి, 90 రోజులకోసారి ఫలానా చోట ఉంటున్నానని ఇమిగ్రేషన్ వారికి తెలియజేయడం. ఇంకొకటి ఉంది. కొన్ని బడుల్లో ఒకే పాఠానికి పాస్‌పోర్టును బట్టి జీతం మారుతుంది. లండన్ నుంచి వచ్చిన త్రికోణమితికి ఒక రేటు, తెనాలి నుంచి వచ్చిన త్రికోణమితికి ఇంకో రేటు. త్రిభుజం కోణాలు మాత్రం ఎవరు కూడినా 180 డిగ్రీలే.

ఇక ఒక గురువారం గురించి చెప్పాలి. థాయివాళ్ళకూ మనలాగే గురువారమే గురువుల రోజు. వై ఖ్రూ అనే ఆ పూజకు పిల్లలు పూలు పేర్చిన పళ్ళేలు మోసుకొస్తారు. వాటిలో ఏముంటాయని! నూరువరహాల పూలు, బుద్ధి వాటి మొనల్లా వాడిగా ఉండాలని. గరిక, ఎంత తొక్కినా మళ్ళీ లేచే ఓర్పు కావాలని. కట్టు తప్పని నడతకు పేలాలు. తల వంచుకుని పూసే వంకాయ పువ్వు, వినయానికి. వినాయకచవితికి పుట్టింటి గట్టున నువ్వు కోసిన గరికే అది. గుత్తివంకాయ కూరకే తప్ప మనం పువ్వుగా ఏనాడూ లెక్కచెయ్యని వంకాయ పువ్వే అది. పిల్లలు మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, పళ్ళెం నీ చేతికిచ్చి, నేలకు తల ఆనిస్తారు. నిన్న హోంవర్క్ ఎగ్గొట్టినవాడూ వాళ్ళలో ఉంటాడు. వాడి తల అందరికంటే కాస్త ఎక్కువసేపు నేలమీదే ఉంటుంది. నీ కళ్ళు తడవడం ఎవరూ చూడకూడదని నువ్వు పైకప్పు ఫ్యాను వంక చూస్తావు.

మనవాళ్ళ అంగళ్ళుండే ఫాహురత్ సందుల్లో కరివేపాకూ కందిపప్పూ వెతుక్కునే ఆదివారాలకు జేజే. నారింజ రంగు చొక్కా తొడుక్కున్న మోటారు సైకిల్ టాక్సీ వెనక ప్రశ్నపత్రాలు ఒళ్ళో పెట్టుకుని వానలో నువ్వు చేసే ప్రయాణానికి జేజే. జనవరి, ఫిబ్రవరిలలో పొగమంచు కాదు, ఉత్త పొగే ఊరిని కమ్ముకుంటే, ఆటస్థలానికి పోనివ్వక పిల్లలను గదిలో కూర్చోబెట్టి ఆడించే నీ గొంతుకు జేజే.

మేలో పరీక్షలు. జులై మొదట్లో ఫలితాలు. అప్పటికి నువ్వు సెలవుల్లో తెనాలిలో ఉంటావు. ఇంట్లో అందరూ తిరుపతి ప్రయాణం మాట్లాడుతుంటే నువ్వు ఫోన్ పట్టుకుని పెరట్లో తిరుగుతావు. పూర్తి మార్కులు 45. నీ పిల్ల ఒకతె 38 తెచ్చుకుంటే, ఆ సంతోషం ఆ ఇంట్లో ఎవరికి చెప్పాలో తోచదు. ఆగస్టులో తిరిగి వెళ్ళేసరికి సగం పేర్లు కొత్తవి. నువ్వు పోగొట్టుకున్నవాళ్ళు ఏ సియోల్‌లోనో, ఏ ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఇంకో పంతులమ్మను ప్రశ్నలతో నిలబెడుతుంటారు.

దోహాలోనో సింగపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో పిల్లలను ఇలాంటి బడికి పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. కంపెనీ బదిలీ చేసిందంటే టీసీ కోసం ఎలాగూ ఆఫీసుకు వెళ్తారు. అలాగే పంతులమ్మ గది ఉన్న పై అంతస్తూ ఎక్కండి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని. ఖాళీ కుర్చీ చూసి కాదు, మీ నోటి వెంటే ఆమెకు ఆ సంగతి తెలియాలి.