మూడు ప్రతుల నాటకం

అచ్చయిన నాటకం చేతికొస్తే నేను ముందు చూసేది పేజీ అడుగున ఉండే చిన్న అక్షరాలు. కథ ఎలాగూ చదువుతాం. ఏ మాట ఎవరు మార్చారు, ఏది ఎగరగొట్టారు అన్న గుట్టంతా అక్కడే ఉంటుంది. ఈ సరదా తీరాలంటే స్పానిష్ నాటకాల్లో లోపె దె వేగా ‘లా దామా బోబా’ చూడాల్సిందే.

మాడ్రిడ్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు. నిసె చదువుల సరస్వతి. ఫినెయాకు అక్షరం ముక్క రాదు గానీ కట్నం దండిగా ఉంది. పంతులు అక్షరాలు నేర్పబోతే ఆమె ఆయన ప్రాణం తీస్తుంది. పిల్లి ఈనిందని పనిమనిషి చెబితే మాత్రం చెవులు రిక్కించి వింటుంది. ప్రేమలో పడ్డాక తెలివొస్తుంది. అవసరమైతే మళ్లీ మొద్దులా నటించేంత తెలివి!

1613 ఏప్రిల్‌లో లోపె స్వయంగా రాసిన ప్రతి మాడ్రిడ్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. హెరోనిమా దె బుర్గోస్ అనే నటి కోసం రాశాడు. ఆ రోజుల్లో నాటకం అమ్మేశాక రచయితకు దాని మీద హక్కుండేది కాదు. నాటక సమాజం తనకు వీలైనట్టు కోసుకునేది, పాతబడ్డాక అచ్చువేసేవాళ్లకి అమ్ముకునేది. 1616లో లోపె దీని మీద కోర్టుకెక్కి ఓడిపోయాడు. ఇక లాభం లేదని 1617లో తొమ్మిదో సంపుటం నుంచి తన నాటకాలు తనే అచ్చు వేయించుకున్నాడు. ‘లా దామా బోబా’ ఆ సంపుటంలోదే. తమాషా ఏమిటంటే, రచయితే పూనుకుని వేయించిన ఆ పాఠం ఆయన చేతిరాతతో కలవదు.

మూడో ప్రతి కథ ఇంకా గొప్పది. లూయిస్ రెమీరెస్ దె అరెల్యానో అనే కుర్రాడు ఏ నాటకమైనా మూడుసార్లు వింటే చాలు, మొత్తం అప్పజెప్పేవాడట. 1615లో సువారెస్ దె ఫిగెరోవా అనే రచయిత ఈ సంగతి రాస్తూ, అలా పట్టేసిన వాటిలో ‘లా దామా బోబా’నూ చేర్చాడు. ఈ కుర్రాడు ప్రేక్షకుల్లో ఉండగా ఒకరోజు లోపెదే మరో నాటకం మొదలైంది. సమాజం యజమాని సాంచెస్ కావాలనే సంభాషణలు ముక్కలు చేసి పాడుచేశాడు. ఎందుకిలా అని జనం అడిగారు. ‘మన నాటకాన్ని ఎత్తుకుపోయేవాడు అదుగో, అక్కడ కూర్చున్నాడు’ అని అతన్ని చూపించాడు సాంచెస్. ఆ కుర్రాడు లేచి బయటికి పోయేదాకా ఆట ముందుకు సాగలేదు. అతని ‘లా దామా బోబా’ ప్రతి కూడా ఇప్పుడు అదే గ్రంథాలయంలో భద్రంగా ఉంది. దొంగసొత్తూ చరిత్రే అయింది.

కన్యాశుల్కానికి 1897, 1909 అని రెండు రూపాలున్నాయి. రెండూ గురజాడవే కాబట్టి మనకు పేచీ లేదు. ‘లా దామా బోబా’కైతే చేతిరాత రచయితది, అచ్చుప్రతి రంగస్థలం నలిపినది, మూడోది ప్రేక్షకుడి చెవిలోంచి వచ్చింది. పరిష్కర్త చేతిరాత ప్రతికే పెద్దపీట వేస్తాడు, వేయాలి కూడా. కానీ మిగతా రెండింటినీ చెత్తబుట్టలో వేస్తే నాకు ఒప్పుదల కాదు. ఆడినప్పుడు ఏం తెగిందో, విన్నవాడికి ఏం గుర్తుందో చెప్పేవి అవే. బార్సిలోనాలో ప్రోలోపె పరిశోధక బృందం లోపె నాటక సంపుటాలను ఏళ్ల తరబడి పరిష్కరిస్తోంది. మార్కో ప్రెసొట్టొ ఈ నాటకానికి 2015లో తెచ్చిన డిజిటల్ కూర్పులో ఈ ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూసుకోవచ్చు.

ఈసారి పాత నాటకం కొనేటప్పుడు, ఈ పాఠం ఏ ప్రతి నుంచి తీసుకున్నారో ముందుమాటలో రాశారేమో చూడండి. లేకపోతే ప్రచురణకర్తలకు ఒక ఉత్తరం ముక్క రాయండి.