మాశీమా అంటే పిన్నే

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న టీ దగ్గర నన్ను పక్కకు లాగింది. "మేడమ్, శుక్రవారం పూణె వెళ్తున్నా. వాళ్ళమ్మగారు ఒకసారి రమ్మన్నారు. ఏం పట్టుకెళ్తే బాగుంటుంది?" అబ్బాయిది పూణె, ఈమెది నల్గొండ. రెండేళ్ళుగా ఇద్దరికీ ఫోన్లే దిక్కు. చీర కొనాలా, స్వీట్లు చాలా, పువ్వులు పెట్టుకుంటే మరీ పల్లెటూరి దానిలా ఉంటుందా అని ఆ పిల్ల బెంగ. కప్పులో టీ చల్లారిపోయింది గానీ నాకు చప్పున జవాబు తోచలేదు. ఎందుకంటే నేను కూడా ఒకప్పుడు ఇదే ప్రశ్న మా అమ్మను అడిగి, తప్పు జవాబుతో బండెక్కినదాన్ని.

మాది యానాం. 2012 ఆగస్టులో సామర్లకోటలో హౌరా బండెక్కాను. అతనూ నేనూ హైదరాబాదులో ఒకే ఆఫీసులో పనిచేశాం. తర్వాత అతనికి కలకత్తా బదిలీ అయింది, నేను అమ్మ ఒంట్లో బాగోక కాకినాడ వచ్చేశాను. రాత్రి తొమ్మిది దాటాక ఫోను, ఆదివారం కాస్త ఎక్కువ సేపు. రెండేళ్ళు అలా గడిచాయి. వాళ్ళది చందన్‌నగర్, హౌరా నుంచి లోకల్ రైల్లో గంట లోపు ప్రయాణం.

మన పెళ్ళిచూపుల్ని నేను చాలాసార్లు తిట్టాను, ఈ కాలమ్‌లోనే తిట్టాను. అయినా ఆ తంతులో అమ్మాయికి ఒక సుఖం ఉంది. ఇల్లు తనది. ఏ కుర్చీ కాలు ఊగుతుందో తనకు తెలుసు, మంచినీళ్ళు ఎక్కడున్నాయో తెలుసు. వచ్చినవాళ్ళే బెరుకుగా కూర్చుంటారు. నేను చేసింది దానికి పూర్తిగా తలకిందులు. ఆడపిల్ల తనే సంచి సర్దుకుని అబ్బాయి ఇంటికి వెళ్ళడానికి మన దగ్గర పేరే లేదు. పేరు లేని పని గురించి నాన్నకేం చెప్తాం? స్నేహితురాలి పెళ్ళి అని చెప్పాను. పెళ్ళి పేరుతో ప్రయాణాలు మా ఊరికి కొత్త కాదు లెండి. 1929లో శారదా చట్టం చేశాక, ఆ చట్టం చెల్లని ఫ్రెంచి యానాం వచ్చి చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్ళవాళ్ళు చిన్నపిల్లలకు పెళ్ళిళ్ళు చేసుకుపోయేవారు. కల్యాణపురం అని పేరు కూడా పడింది. ఆ ఊరి పిల్లనే నేను.

అమ్మకు మాత్రం సంగతి తెలుసు. సంచి తనే సర్దింది. ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా, సీసాలో ఆవకాయ, వాళ్ళమ్మగారికి ఒక ఉప్పాడ చీర. "పూతరేకుల డబ్బా పైన పెట్టుకోవే, కింద పెడితే పొడైపోద్ది" అంది. సరేనన్నాను. బట్టలు తియ్యడానికి అడ్డమని రైల్లో దాన్ని కిందికి తోసేశాను.

హౌరాలో పెద్ద గడియారం కింద నిలబడి ఉన్నాడు. కలకత్తాలో ఎవరు ఎవరి కోసం ఎదురుచూసినా అక్కడే. లోకల్లో కిటికీ పక్కన సీటు దొరికాక పాఠం మొదలెట్టాడు.

"అమ్మను మాశీమా అని పిలువు."

"అంటే?"

"అమ్మ చెల్లెలన్నట్టు. మర్యాదకి అలాగే పిలుస్తాం."

"అంటే పిన్ని. ఆవిడ నాకు పిన్నయితే నువ్వేమవుతావ్?"

అతనికి అర్థం కావడానికి రెండు స్టేషన్లు పట్టింది. పోనీ కాకీమా అని పిలవమన్నాడు. కాకీమా అంటే బాబాయి భార్య. ఆవిడా పిన్నే! ఎటు తిప్పినా మన లెక్కలో అతను నాకు అన్నయ్యే. తెలుగులో ముక్కూమొహం తెలియని ఆవిణ్ణి అత్తయ్యా అన్నా పిన్నీ అన్నా ఆ పిలుపు వెనక వరస లెక్క ఒకటి నడుస్తూనే ఉంటుంది. వాళ్ళకు ఆ బెడద లేదు. బాబాయి పిల్లలు, మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ ఒకటే, అందరూ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. ఈ తేడా నాకు లోకల్లో నవ్వులాటగా ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర కాదు.

గుమ్మంలో అడుగు పెట్టేసరికి లోపల్నుంచి "బుబాయ్ వచ్చాడు" అని కేక. బుబాయ్ ఎవరా అని వెనక్కి చూశాను. అతనే. బెంగాలీలకు బడికీ ఆఫీసుకూ ఒక పేరు, ఇంట్లో పిలవడానికి వేరే పేరు. రెండేళ్ళు రోజూ మాట్లాడిన మనిషి పేరు ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలియదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే సిగ్గేసిందన్నాడు.

వాళ్ళ నాయనమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని, ఆ వేళ్ళను తన పెదాలకు తాకించుకుంది. మా మామ్మైతే మెటికలు విరిచేది. తర్వాత పూతరేకుల డబ్బా తెరిచాను. సగం పొడి, సగం ముక్కలు. ఉన్నవాటిలో నిలిచిన ఒక్కదాన్ని తీసి పెద్దావిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, పైన చుట్టిన కాగితం విప్పబోయింది. విప్పుతూనే ఉంది. పొర మీద పొర, లోపల బెల్లంపొడి రాలుతోంది గానీ మిఠాయి మాత్రం రావడం లేదు. కాగితమే మిఠాయి అని చెప్పడానికి నాకు బెంగాలీ చాలలేదు, నవ్వాపుకుంటున్న అతనికి నోరు పెగల్లేదు.

భోజనం. కంచు పళ్ళెం మధ్యలో అన్నం, చుట్టూ చిన్న చిన్న గిన్నెలు. మనం అన్నీ కలిపి తింటామా, పచ్చడితో మొదలెడతామా? నేనూ అదే చేశాను. ఒక గిన్నెలో ఎర్రగా కనబడింది. "చట్నీ" అన్నారు. ఇంకేం, పచ్చడే కదా అని మొదటి ముద్దలో కలిపేసుకున్నాను. టమాటా, ఖర్జూరం, చక్కెర. పాకంలా ఉంది. నాయనమ్మ గాభరాగా "శేషే, శేషే" అంది. ఆ ఒక్క మాటా అర్థమైంది, శేషం మనకూ శేషమే. చివర్న తినాల్సింది. వాళ్ళకు చేదుతో మొదలు, తర్వాత పప్పు, వేపుడు, చేప, అన్నీ అయ్యాక తీపి చట్నీ. ఒకదానితో ఒకటి కలపరు. ఆ కలిపిన ముద్దను నేను మింగక తప్పలేదు.

చేప దగ్గర మాత్రం నా పరువు నిలబడింది. దక్షిణాది పిల్ల చేప తింటుందో తినదో, తిన్నా ముళ్ళు తీసుకోలేదేమోనని మాశీమా నాకోసం విడిగా బంగాళాదుంప కూర చేసి ఉంచింది. ఆవపిండి ముద్దలో ఉడికించిన ఇలిష్ ముక్క పళ్ళెంలో పడగానే నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అది మన పులసే! సముద్రంలో ఉన్నంతసేపూ ఇలస, గోదావరి ఎర్రనీళ్ళకు ఎదురీదితే పులస. వెంట్రుకల్లాంటి ముళ్ళు. బుగ్గలో ఓ పక్కకు తోసి, నాలుకతో ఏరి, పళ్ళెం అంచున వరసగా పేర్చుకుంటూ తినాలి. నాకది అయిదో ఏట నుంచీ వచ్చు. మాశీమా వడ్డించడం ఆపి నా పళ్ళెం అంచునే చూస్తోంది. ఇంకో ముక్క వేసింది. బంగాళాదుంప కూర గిన్నె నిశ్శబ్దంగా లోపలికి వెళ్ళిపోయింది.

పుస్తెలమ్మైనా పులస తినాలని మా వైపు సామెత ఉందని చెప్పాను. పుస్తెలంటే ఏమిటో అతను వివరించేసరికి వాళ్ళ నాన్నగారు బల్ల మీద అరచేత్తో కొట్టి నవ్వారు. గంగ ఇలిష్ గొప్పదా పద్మ ఇలిష్ గొప్పదా అన్న తగువు ఆ ఇంట్లో రోజూ ఉండేదేనట, ఇప్పుడు గోదావరి కూడా వచ్చి చేరింది. ఆ ఊపులో నేను నోరు జారాను. చింతపండు పులుసు పోసి, బెండకాయలు వేసి, పైన ఆవకాయ నూనె తేలేలా మట్టిదాకలో కాచి మర్నాడు తినే మా పులస ముందు ఇది దిగదుడుపే అని తెలుగులో అతనితో అన్నాను. ఏమంటోంది అని నాయనమ్మ అడిగింది. "చాలా బాగుందంటోంది" అని అతను అనువదించాడు. ఆ ఇంట్లో మా ఇద్దరి మొదటి ఉమ్మడి అబద్ధం అదే.

తర్వాత అమ్మది ఏ ఊరని అడిగారు. యానామే, మా నాన్న అమ్మకు మేనబావ అన్నాను. అతను అనువదించకుండా నా వైపు చూశాడు. నేనే ఇంగ్లీషులో చెప్పాను. అంతే, మాట పడిపోయింది. గరిటె గిన్నెలోనే ఆగింది. మేనరికం మనకు సంబంధం, వాళ్ళకు తోడబుట్టినవాళ్ళ మధ్య పెళ్ళి. తెలుగువాళ్ళింట్లో నాలుగు తరాలుగా నడిచిన మామూలు సంగతి, వెయ్యి కిలోమీటర్లు దాటేసరికి ఎవరూ ఎత్తకూడని మాటైపోయింది. దాన్ని సర్దడానికి నేనేమీ అనలేదు. అమ్మానాన్నల పెళ్ళికి నేనెందుకు సంజాయిషీ ఇవ్వాలి?

ఆ మౌనంలోంచి మమ్మల్ని లాగింది వాళ్ళ నాన్నగారే. ఆయనకు చరిత్ర పిచ్చి. మీ యానాం, మా చందన్‌నగర్ ఒకే దొరతనం కింద ఉండేవి తెలుసా అన్నారు. నిజమే. పుదుచ్చేరి, కారైక్కాల్, మాహే, యానాం, చందన్‌నగర్ అయిదూ ఫ్రెంచివాళ్ళవే. 1910లో అరవిందులు బ్రిటిషు పోలీసుల కళ్ళుగప్పి ముందు చేరింది చందన్‌నగరే, అక్కణ్ణుంచే పుదుచ్చేరి వెళ్ళారు. 1950లో చందన్‌నగర్, 1954లో యానాం భారతదేశంలో కలిశాయి. "మేం మీకంటే నాలుగేళ్ళు ముందు" అని ఆయన గర్వం. మాకు వరస దొరకలేదు గానీ, దొర మాత్రం ఒకడే దొరికాడు.

బెంగాలీ రచయిత శరత్ గురించి కూడా చెప్పాలి. శరత్ పుట్టిన దేవానందపూర్ అదే హుగ్లీ జిల్లాలో ఉందన్నారాయన. మా అమ్మ చిన్నప్పుడు శరత్‌బాబు తెలుగువాడే అనుకునేదని చెప్పాను. చక్రపాణి గారి అనువాదాలు చదివినవాళ్ళలో అలా అనుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు, 1953 దేవదాసు చూసినవాళ్ళకైతే చెప్పనే అక్కర్లేదు. ఆయన లేచి వెళ్ళి శరత్ పుస్తకాల బీరువా తాళం తీసి చూపించారు. మేనరికం అంతటితో పక్కకు పోయింది.

ఇంతకూ నేను వెళ్ళింది అతన్ని చూడ్డానికి. మూడు రోజుల్లో ఇద్దరం విడిగా ఉన్నది గంటసేపు, అదీ నది ఒడ్డున స్ట్రాండ్ మీద, పదడుగుల వెనక వాళ్ళ పిన్ని కూతురు బఠాణీలు తింటూ వస్తుంటే. ఆ గంటా పోట్లాడుకున్నాం. హైదరాబాదు గదిలో వంట చేసుకుని, గిన్నెలు తోముకుని, నా కప్పు కూడా కడిగిపెట్టిన మనిషి, ఇక్కడ ఎంగిలి పళ్ళెం అలాగే వదిలేసి లేచిపోయాడు. వాళ్ళమ్మ వచ్చి తీసింది. రెండు పూటలు చూశాను, మూడోపూట చూడలేకపోయాను. "అమ్మ ఒప్పుకోదు" అన్నాడు. "ఎప్పుడైనా అడిగావా?" అన్నాను. మాట్లాడలేదు. ఫోనులో ఏ పళ్ళెమూ కనబడదు కదా. ఆ రాత్రి అతను పళ్ళెం తీసుకుని పెరట్లోకి నడిస్తే మాశీమా పరుగెత్తింది. పళ్ళెం లాక్కుని, అతన్ని కాదు, నన్ను చూసింది. ఆ చూపు బాగాలేదు. కొన్నేళ్ళ వరకూ బాగాలేదు.

మూడో రోజు టీ దగ్గర జల్‌భరా సందేశ్ పెట్టారు. తాటిముంజ ఆకారంలో ఉంటుంది, లోపల పన్నీరు నింపుతారు. ఓ జమీందారు ఇంట్లో అల్లుణ్ణి ఆటపట్టించడానికి సూర్యకుమార్ మోదక్ అనే ఆయనతో దీన్ని చేయించారట, అల్లుడు కొరకగానే జుబ్బా తడిసిందట. ఈ కథ వాళ్ళు నాకు చెప్పింది నా చీర తడిశాకే. కాగితం మిఠాయికి అది బదులని నాయనమ్మ వేళ్ళతో సైగ చేసి చూపింది.

నవ్వులు ఆగాక వాళ్ళ నాన్నగారు కప్పు కింద పెట్టి అడిగారు. "నువ్విక్కడున్నట్టు మీ నాన్నగారికి తెలుసా?"

తెలియదన్నాను. స్నేహితురాలి పెళ్ళి సంగతి కూడా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "వెళ్ళగానే చెప్పు. నువ్వు చెప్పలేకపోతే నేను వచ్చి చెప్తాను. మా ఇంట్లో దొంగతనంగా ఎవరూ అన్నం తినక్కర్లేదు." మూడు రోజులు నేను ఏం కట్టుకోవాలి, ఎలా కూర్చోవాలి, ఎంత తినాలి అని జాగ్రత్త పడ్డానే, ఆ మాటతో అవన్నీ వెలవెలబోయాయి. మా నాన్నను ఆయన నాకంటే ఎక్కువ మర్యాదగా చూశారు.

గేటు దగ్గర, నేర్చుకున్న బెంగాలీ ఒలకబోస్తూ "జాచ్ఛి" అన్నాను, వెళ్తున్నానని. నాయనమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అలా అనకూడదు, "ఆష్‌ఛి" అనాలట, వస్తున్నానని. మా మామ్మ కూడా ఇంతే. వెళ్తానంటే కసిరేది, వెళ్ళొస్తానని అనేదాకా గడప దాటనిచ్చేది కాదు.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. అబ్బాయి బెంగాలీ అయినందుకు కాదు, ఆ పెళ్ళి అబద్ధానికి. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కుంటారు, అత్తగారు వచ్చినప్పుడు తప్ప.

టీ దగ్గరి అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. రెండే మాటలు చెప్పాను. మీ నాన్నకు చెప్పి బండెక్కు, అరిసెలో సకినాలో ఏవి పట్టుకెళ్ళినా డబ్బా సంచిలో పైన పెట్టుకో. ఆమె బండి శుక్రవారం రాత్రి. గురువారం సాయంత్రం మెట్ల దగ్గర నిలబడి ఇంటికి ఫోన్ చేస్తుంటే చూశాను. అటునుంచి ఏమన్నారో నాకింకా చెప్పలేదు.