చేపు రావాలంటే కుదురుండాలి

పంపు పెట్టుకుని కూర్చున్న బాలింతకు పాలు సరిగా రాకపోతే మన చూపు ముందు ఆమె తిండి మీదికి, తర్వాత యంత్రం మీదికి పోతుంది. ఆమె కూర్చున్న చోటును మాత్రం ఎవరూ పట్టించుకోరు. రొమ్ములో పాలు తయారవడం ఒక పని, బయటికి రావడం మరో పని. మొదటిది ప్రొలాక్టిన్ అనే హార్మోన్ చూసుకుంటుంది. రెండోదే చేపు, దానికి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ కావాలి. అది విడుదలైతేనే పాలగ్రంథుల చుట్టూ ఉన్న కండర కణాలు ముడుచుకుని పాలను నాళాల్లోకి నెడతాయి. భయం, నొప్పి, కంగారు దాన్ని అడ్డుకుంటాయి. పాడి ఉన్న ఇళ్లలో ఇది తెలియనిదేం కాదు, బెదిరిన గేదె చేపదు.

1948లో అమెరికాలో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ దంపతులు దీన్ని ఒక తల్లి విషయంలో పరీక్షించి చూశారు. పాలిచ్చేటప్పుడు ఆమె పాదాలు మంచునీళ్లలో పెట్టించడం, లెక్కలు చేయించడం లాంటి చికాకులు కల్పిస్తే బిడ్డకు అందే పాలు తగ్గాయి. ఆక్సిటోసిన్ సూది వేస్తే మళ్లీ పెరిగాయి. పాలు లోపలే ఉన్నాయన్నమాట. ఒక్క తల్లిని చూసి ఏం తేలుస్తాం అని అడగొచ్చు. 1989లో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లులకు మనసు తేలికపరిచే ఆడియో టేపు ఇచ్చి చూస్తే, టేపు లేని తల్లుల కంటే 63 శాతం ఎక్కువ పాలు వచ్చాయి. అదీ ఒక్కసారి పిండిన పాల లెక్కే. అయినా రెండు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి.

లాగేది యంత్రం కదా, మనసుతో పనేముంది అంటారు కొందరు. చాలా ఎలక్ట్రిక్ పంపులు ముందు తేలిగ్గా, గబగబా లాగి, చేపు వచ్చాకే నిదానంగా, గట్టిగా లాగేలా తయారవుతున్నాయి. తొందరపడి ఒత్తిడిని చివరికంటా పెంచితే మిగిలేది నొప్పే. రొమ్ముకు ఆనించే గరాటు సైజూ అంతే ముఖ్యం. చనుమొన గొట్టం గోడలకు ఒరుసుకుంటే గరాటు చిన్నదైనట్టు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా బాగా లోపలికి పోతుంటే పెద్దదైనట్టు. సీసా మీదికి వంగకుండా వీపుకు దిండు ఆనించుకుని, పంపునే దగ్గరికి తెచ్చుకోవాలి. ముందుగా రొమ్ము మీద కాసేపు గోరువెచ్చని గుడ్డ వేసుకుంటే మంచిది. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయా అని సీసా వంకే చూస్తుంటే ఆందోళన పెరుగుతుంది. దాని మీద ఓ మేజోడు తొడిగితే సరి.

వెనకటి వాళ్లు పొలం గట్టునే పాలివ్వలేదా అన్నది ఇంకో ప్రశ్న. వాళ్ల ఒళ్లో బిడ్డ ఉండేది. బిడ్డ స్పర్శ, ఏడుపు చాలు చేపు రావడానికి. పంపుకు ఆ సాయం లేదు. ఉద్యోగానికి వెళ్లే తల్లుల కోసం మన ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 26 వారాల సెలవుతో పాటు, 50 మంది, అంతకు మించి పనిచేసేచోట క్రెష్ ఉండాలంది. బిడ్డను ఇంట్లో వదిలి వచ్చే తల్లికి క్రెష్ వల్ల ఒరిగేది తక్కువ. మరుగుదొడ్డిలో నిలబడి, ఎవరు తలుపు తడతారోనని బెదురుతూ పాలు పిండుకునే మనిషికి స్థిమితంగా ఉండమని చెప్పడం ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టడమే. కుర్చీ, ప్లగ్ పాయింటు, చేతులు కడుక్కునే నీళ్లు, లోపలి గడియ ఉన్న ఓ చిన్న గది, అడిగించుకోకుండా ఇచ్చే అరగంట, ఇవి ఆమె ఒక్కతే సమకూర్చుకోగలిగేవి కావు. ఇవి అమర్చిపెట్టిన వాళ్లకే ఆమెతో ‘టెన్షన్ పడకమ్మా’ అనే హక్కు ఉంటుంది.