ఏనుగు మీద కవిలె

శ్రీలంకలోని క్యాండీలో జరిగే ఎసల పెరహర ఊరేగింపు అనగానే టూర్ కంపెనీల బ్రోషర్లలో కనిపించే బొమ్మ ఒకటే: మెరిసే దీపాల ముసుగుతో నడిచే గజరాజు, దాని వీపు మీద బంగారు కరండం. కానీ ఆ ఏనుగు రావడానికి చాలా ముందే, కొరడాల చప్పుళ్లూ జెండాలూ దాటాక, మరో ఏనుగు వస్తుంది. దాని మీద కూర్చునే అధికారిని పెరమునే రాళ అంటారు. బుద్ధుడి దంతధాతు ఆలయానికి ఏ ఊళ్లో ఎంత భూమి ఉంది, దాన్ని సాగుచేసుకునేవాళ్లు బదులుగా ఏ సేవ చెయ్యాలి అన్న లెక్కల కవిలెను ఆయన మోసుకెళ్లడం ఆనవాయితీ. పెరహరను అర్థం చేసుకోవాలంటే ముందు చూడాల్సింది ఆ కవిలెనే. ఇది చూసేవాళ్ల కోసం పుట్టిన ప్రదర్శన కాదు, చేసేవాళ్లు తీర్చుకునే కొలువు. దూరదేశాల వాళ్లను రప్పిస్తున్నది కూడా ఆ కొలువులోని నిష్ఠేనని నా వాదన.

మన గుళ్లలో భజంత్రీలకు ఈనాం భూములు ఉన్నట్టే, అక్కడా డోలు వాయించే ఇంటికి, నాట్యం చేసే ఇంటికి, దివిటీ పట్టే ఇంటికి తలా ఇంత పొలం. ధాతువు పేరిట కరండం మోసే ఏనుగు పాదం వట్టి నేలను తాకకూడదని తెల్లటి పావడ పరుస్తారు. నడిచిపోయిన మేర బట్టను వెనక చుట్టేసి, పరుగున తెచ్చి మళ్లీ ముందు పరుస్తారు. దారి పొడవునా ఇనుప బుట్టల్లో ఎండు కొబ్బరి మండుతుంటుంది. మంట తగ్గకుండా గోనెసంచుల్లోంచి ముక్కలు తీసి వేసే మనుషులు వేరే ఉంటారు. వీళ్లెవరూ ఫొటోలో పడరు. అయినా వీళ్ల పనిలో లోటు జరిగితే ఊరేగింపు సాగదు.

ఇప్పుడు ఇదంతా వ్యాపారమైపోయిందనే వాళ్లున్నారు. రోడ్డు వారగా కుర్చీలు అమ్ముతున్న మాటా, బాల్కనీలకు వెల పలుకుతున్న మాటా నిజమే. అయితే కోవిడ్ ఏడాది 2020లో జనాన్ని రానివ్వకుండానే పెరహర జరిపారు. ప్రేక్షకుడు లేకపోతే నాటకం రద్దవుతుంది. కొలువు రద్దు కాలేదు. అమ్ముడవుతున్నది కుర్చీ మాత్రమే. అయితే ఆ కుర్చీ వసతి కోసం వరుస కుదించినా, వేళ మార్చినా, డోలు దెబ్బ తగ్గించినా కొలువు పలచబడుతుంది. పర్యాటక శాఖలు గీత గీసుకోవాల్సింది ఇక్కడ.

దీనికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఆ కొలువు కులంతో ముడిపడినది. డోలు వాయించే బెరవా కులాన్ని సింహళ సమాజం చాలాకాలం కింది మెట్టునే ఉంచింది. సేవకు బదులు డబ్బు చెల్లించే వీలు కల్పిస్తూ 1870లో వలస ప్రభుత్వం చట్టం తెచ్చింది. డోలు మాత్రం ఆగలేదు. ఆగలేదు గనుక అన్యాయం లేదనడం తప్పు. నిష్ఠను మెచ్చుకునే యాత్రికుడు, నిష్ఠ చూపే మనిషికి దక్కే గౌరవం గురించి కూడా అడగాలి. ఏనుగుల సంగతీ అంతే. 2019లో డెబ్బై ఏళ్ల టికిరి అనే ఏనుగు ముసుగు కింద ఎముకలగూడులా ఉన్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తర్వాతి నెలలోనే అది చనిపోయింది.

సంప్రదాయాన్ని ముట్టుకోకూడదనేవాళ్లకు జవాబు పెరహర చరిత్రలోనే ఉంది. ఒకప్పుడు ఇది ప్రధానంగా నాథ, విష్ణు, కతరగామ, పత్తిని దేవాలయాల ఊరేగింపు. పద్దెనిమిదో శతాబ్దంలో సయాం నుంచి వచ్చిన భిక్షువుల మాట మన్నించి క్యాండీ రాజు కీర్తిశ్రీ రాజసింహుడు దంతధాతువును ముందుకు తెచ్చాడని చెబుతారు. ఆయన దక్షిణాది నాయక వంశస్థుడు, తెలుగు మూలాలున్న కుటుంబం వాడు. వరుసనే మార్చిన సంప్రదాయానికి ముసలి ఏనుగులకు సెలవివ్వడం కష్టం కాదు. ధర్మం కోసం చేసిన మార్పుతో పెరహర బలపడింది. టికెట్టు కోసం చేసే మార్పు ఆ కోవలోకి రాదు. ఈ రెండింటి తేడా తెలిసిన యాత్రికుడికి ఏ కుర్చీలో కూర్చున్నా పెరహర కనిపిస్తుంది.